రెండోదీ ఆడపిల్లే, తప్పంతా మా అక్కదంటున్నారు. క్రోమోజోముల సంగతి వివరంగా చెప్పండి

గోదారిగట్టు
పోయిన వారం మా అక్కకి రెండో పాప పుట్టింది. రెండు కేజీల తొమ్మిది వందల గ్రాములు, చక్కగా పాలు తాగుతోంది. అయినా అక్క అత్తగారి తరఫు వాళ్లు చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. "మీ అమ్మకీ ఇద్దరూ ఆడపిల్లలేగా, ఆ పోలికే" అని పచ్చి బాలింతరాలి ముఖం మీదే అనేశారు. మా బావ బీటెక్. ఇదంతా పదో తరగతిలో చదువుకున్నవాడే. తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

బారసాలకి అందరూ వస్తారు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే తడబడకుండా చెప్పాలి. పుస్తకంలో ఉన్న రెండు ముక్కలు కాదు, లోపల ఏం జరుగుతుందో కావాలి.

కందిచేను_రాజు
దీనికి అంత వివరం ఎందుకమ్మా. ఎక్స్ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ. వై ఇచ్చేది తండ్రి. అయిపోయింది.

బయాలజీ_మాస్టారు
రాజు గారు చెప్పింది నిజమే కానీ పెద్దవాళ్లకి అలా చెబితే ఎక్కదు. ఇలా మొదలుపెట్టండి. మనిషి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. 22 జతలు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే రకం. 23వ జతలోనే తేడా. ఆమెకి రెండూ ఎక్స్‌లు, అతనికి ఒక ఎక్స్, ఒక వై. అండం తయారయ్యేటప్పుడు జతలో ఒకటే లోపలికి వెళ్తుంది. తల్లి దగ్గరున్నవి రెండూ ఎక్స్‌లే కాబట్టి ఏ అండం తీసుకున్నా అందులో ఉండేది ఎక్సే. తండ్రి వీర్యకణాల్లో మాత్రం సుమారు సగం ఎక్స్‌వి, సగం వైవి. ముందుగా అండంలోకి వెళ్లింది ఏ రకమో దాన్ని బట్టి ఉంటుంది. అత్తగారిని ఒక్కటే అడగండి: మా అక్క దగ్గర వై లేనే లేదు, లేనిది ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి?

"పోలిక" అన్నారు కదా, దానికి నేను క్లాసులో చేయించే పని చెబుతాను. పిల్లలందరికీ తలా ఒక నాణెం ఇచ్చి ఐదేసి సార్లు ఎగరేయమంటాను. బొమ్మ పడితే పాప, బొరుసు పడితే బాబు. నలభై మంది ఉన్న క్లాసులో ఒకరిద్దరికి వరసగా ఐదూ బొమ్మలే పడడం మామూలు. వాళ్ల నాణెంలో లోపం ఏమీ లేదు. రెండు కాన్పుల్లోనూ ఆడపిల్లలే కావడం నాలుగిళ్లలో ఒక ఇంట్లో జరిగేదే. మూడో కాన్పుకి ముందు రెండు కాన్పుల సంగతి తెలియదు, మళ్లీ సగం సగమే. కచ్చితంగా సగం కూడా కాదు, ప్రపంచమంతటా చూస్తే 100 మంది ఆడపిల్లలకి 105 మంది దాకా మగపిల్లలు పుడతారు.

నెల్లూరుచేప
అంటే తప్పు బావదన్నమాట. బారసాలలో మైకు పెట్టి చెప్పండి 😄

బయాలజీ_మాస్టారు
ఆ దారిలోకి మాత్రం వెళ్లొద్దు చేప గారూ. ఆయన ఏరి పంపలేదు కదా. కోట్లాది కణాలు బయల్దేరితే ఒకటి చేరుతుంది. అందులో ఆయన ఇష్టానికీ ఆవిడ ఇష్టానికీ చోటే లేదు. తల్లి మీద నుంచి తీసిన నింద తండ్రి నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు, పాప పుట్టడం నేరమైతే కదా నిందితుడు కావాల్సింది.

డల్లాస్_పద్మ
ఇక్కడ మా తెలుగు వాళ్లలో ఒక పద్ధతి తెగ తిరుగుతోంది. వై కణం తేలిక, గబగబా ఈదుతుంది, అందుకని అండం విడుదలయ్యే రోజునే కలిస్తే మగపిల్లాడు అని. దానికి యాప్ కూడా పెట్టుకుని లెక్కలు వేసుకుంటున్నారు. ఇందులో ఏమైనా ఉందా?

డాక్టర్_వెన్నెల
లేదు పద్మ గారూ. ఎక్స్ కణానికీ వై కణానికీ ఉన్న డీఎన్‌ఏ తేడా మూడు శాతం కూడా ఉండదు. 1995లో అమెరికా పరిశోధకులు రెండు వందల మందికి పైగా ఆడవాళ్ల రోజులన్నీ నమోదు చేసి చూశారు. ఏ రోజు కలిశారన్నదానికీ పుట్టింది ఎవరన్నదానికీ సంబంధం కనబడలేదు. పొట్ట గుండ్రంగా ఉందా సాగి ఉందా, పులుపు తినాలనిపించిందా తీపి తినాలనిపించిందా, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది అనేవన్నీ ఇంతే. ఎలా చెప్పినా సగం సార్లు నిజమవుతుంది కాబట్టి చెప్పినవాళ్లకి పేరొస్తుంది.

కందిచేను_రాజు
ఆ మూడు శాతం తేడాతోనే పశువుల్లో పని నడుస్తోంది డాక్టరమ్మా. మా ఊళ్లో పశువుల డాక్టరు దగ్గర ఆడదూడలు పుట్టే సూది ఉంది. యంత్రంలో ఎక్స్ కణాలను వేరుచేసి నింపుతారట. పదింట్లో తొమ్మిది ఆడదూడలే. దానికోసం రైతులు ముందే చెప్పి పెట్టుకుంటారు. కొట్టంలో ఆడది పుడితే పండగ, ఇంట్లో పుడితే ఏడుపు. ఇది నాకెప్పుడూ మింగుడుపడదు.

డాక్టర్_వెన్నెల
మీరన్నది నిజం. కణాలకి రంగు పట్టించి, లేజర్ కింద ఎక్కువ వెలిగినవాటిని ఎక్స్‌గా ఏరతారు. మనుషులకి ఆ పని చేయడం మన దేశంలో నేరం. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే 1994 నాటి చట్టాన్ని 2003 నుంచి గర్భం రాకముందు చేసే ఎంపికకి కూడా వర్తింపజేశారు.

గోదారిగట్టు
చట్టం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మూడోసారి కడుపు వస్తే "ఎక్కడో ఒకచోట చూపించుకుంటాం" అని వాళ్లింట్లో ఒకరు అన్నారు. రక్త పరీక్షతోనే తెలుస్తుందట కదా?

డాక్టర్_వెన్నెల
తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ముక్కలు తిరుగుతుంటాయి. డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నాయేమో చూడడానికి ఆ పరీక్ష చేస్తారు. అందులో వై జాడ కూడా కనబడుతుంది, నిజమే. కానీ ఇక్కడ ఏ ల్యాబూ రిపోర్టులో ఆడా మగా అని రాయకూడదు. స్కానింగ్ చేసినవాళ్లు నోటితో కాదు, సైగతో చెప్పినా నేరమే. చెప్పినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, అడిగిన కుటుంబసభ్యులకీ అంతే. 2011 జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 920 మంది కూడా లేరు. ప్రకృతి ఇచ్చే లెక్కయితే 950 దాటాలి. మిగతా వాళ్లు ఏమయ్యారో నాకు రోజూ గుర్తొస్తుంది. అక్కకి ఈ మాట స్పష్టంగా చెప్పండి: ఎవరు తీసుకెళ్లినా వెళ్లొద్దని. బలవంతంగా తీసుకెళ్తే చట్టం ఆమెను తప్పుపట్టదు.

నెల్లూరుచేప
మా నాయనమ్మకి ఇదంతా చదివి వినిపించా. "మరి కోళ్లకి?" అంది. పుంజు వల్లా పెట్ట వల్లా?

బయాలజీ_మాస్టారు
కోళ్లలో తిరగేసి ఉంటుంది. పుంజుకి రెండూ ఒకే రకం, జెడ్‌జెడ్. పెట్టకి జెడ్, డబ్ల్యూ. పెట్ట పిల్లో పుంజు పిల్లో తేలేది పెట్ట వల్లే. మీ నాయనమ్మ మంచి ప్రశ్న వేసింది, నా క్లాసులో ఎవరూ అడగలేదు.

నెల్లూరుచేప
వినగానే ఆవిడ తీర్పు: "అయితే కోళ్ల లెక్క తెచ్చి కోడళ్లకి అంటగట్టార్రా." 😂 మీ అక్క అత్తగారికి మా నాయనమ్మ ఫోన్ నంబరు ఇమ్మంటోంది.

ఉప్పాడ_అల
సముద్రపు తాబేళ్లలో అయితే ఎక్స్ లేదు, వై లేదు. మన తీరానికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆలివ్ రిడ్లేలు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. గూడు వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. గుడ్లు ఏరి కంచె లోపల మళ్లీ పూడ్చేటప్పుడు లోతు, నీడ చూసుకునేది అందుకే.

చుక్కలచీర
తండ్రి వల్ల అన్న సంగతి తేల్చింది ఒక మహిళే అని ఎవరూ చెప్పలేదేం? అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ 1905లో పిండి పురుగుల కణాలను మైక్రోస్కోపు కింద చూసి తేల్చింది. ఆడ పురుగులో 20 క్రోమోజోములూ పెద్దవే, మగ పురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. ఆ చిన్నది అందిన కణంతో పుట్టేవి మగవి. అప్పటిదాకా తల్లి తిన్న తిండి వల్లనో, ఒంటి వేడి వల్లనో అనుకునేవారు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ కూడా దాదాపు ఇదే చెప్పాడు, చాలాకాలం పేరంతా ఆయనకే పోయింది. స్టీవెన్స్ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ పేరు మన పాఠాల్లో ఉండాలని నా పట్టుదల.

డాక్టర్_వెన్నెల
చుక్కలచీర గారూ, భలే గుర్తుచేశారు. ఇక రాజు గారి "అయిపోయింది" దగ్గరికి వస్తాను, అక్కడితో అయిపోదు. లోపల ఏం జరుగుతుందని కదా అడిగింది.

దాదాపు ఆరో వారం దాకా పిండం ఎక్స్ఎక్స్ అయినా ఎక్స్‌వై అయినా తేడా తెలియదు. మగవాళ్ల బీజకోశంగానో (వృషణం), ఆడవాళ్ల అండకోశంగానో మారగల చిన్న ముద్ద ఒకటే ఉంటుంది. గొట్టాలు మాత్రం రెండు రకాలవీ ఉంటాయి, ఆడవీ మగవీ. వై మీద, చివరి అంచుకి దగ్గరగా, ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉంది. 204 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌ని తయారు చేయించడం దాని పని. అది కొద్ది రోజులే పనిచేస్తుంది, సాక్స్9 అనే ఇంకో జన్యువుని లేపి పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు ఆ ముద్ద బీజకోశం అవుతుంది. ఆ బీజకోశం రెండు హార్మోన్లు వదులుతుంది. ఒకటి, గర్భసంచి కావాల్సిన గొట్టాలను కరిగించేది. రెండోది టెస్టోస్టెరాన్. బయటి అవయవాలు మగవాళ్లవిగా మారడం దాని వల్లే.

ఎస్‌ఆర్‌వై లేకపోతే అదే ముద్ద అండకోశం అవుతుంది. ఊరికే వదిలేస్తే అయ్యేది కాదు, దానికి వేరే జన్యువులు కష్టపడాలి. ఈ ఎస్‌ఆర్‌వైని లండన్‌లో గుడ్‌ఫెలో, లవెల్-బ్యాడ్జ్ బృందాలు 1990లో పట్టుకున్నాయి. మరుసటి ఏడాది ఎక్స్ఎక్స్ ఉన్న ఎలుక పిండంలోకి ఆ ఒక్క జన్యువునే పంపితే అది మగ ఎలుకగా పుట్టింది.

కందిచేను_రాజు
అంటే నేను చెప్పింది తప్పా? వై ఉంటే ఎస్‌ఆర్‌వై ఉంటుంది, ఎస్‌ఆర్‌వై ఉంటే మగ. తిప్పి తిప్పి అదే కదా.

డాక్టర్_వెన్నెల
నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా అదే. మిగతా వాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు కాబట్టి ఆగుతున్నాను. తండ్రిలో వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఎక్స్, వై కొసలు కలుసుకుని ముక్కలు మార్చుకుంటాయి. ఎస్‌ఆర్‌వై ఆ సరిహద్దు పక్కనే ఉంటుంది. ఎప్పుడైనా గీత దాటి ఎక్స్ మీదకి వెళ్లిపోతుంది. ఆ ఎక్స్ అందుకున్న బిడ్డ ఎక్స్ఎక్స్ అయినా మగవాడిగా పుడతాడు, సుమారు 20 వేల మందిలో ఒకరు. అలాగే వై ఉండి ఎస్‌ఆర్‌వై చెడిపోతే ఎక్స్‌వైతోనే ఆడపిల్ల పుట్టవచ్చు, గర్భసంచి కూడా ఉంటుంది. దాత అండంతో బిడ్డల్ని కన్నవాళ్లూ ఉన్నారు.

కందిచేను_రాజు
20 వేలల్లో ఒకరి కోసం పాఠం మారుస్తామా? చేతికి ఆరు వేళ్లతో పుట్టేవాళ్లుంటారు, మనిషికి ఐదు వేళ్లనే అంటాం.

మెట్‌పల్లి_మల్లన్న
రాజన్నా, ఆ లెక్కలో మనుషులుంటరు, నేను ఉన్న. అందుకే రాస్తున్న.

పెళ్లైన ఆరేళ్ల దాకా పిల్లలు కాలేదు. మా ఇంట్ల అందరూ నా భార్యనే అన్నరు. గుళ్లు, ప్రదక్షిణలు, ఉపవాసాలు, కషాయాలు అన్నీ ఆమెకే. ఆమెకి పరీక్షలన్నీ అయినంక, ఒక డాక్టరమ్మ ముందు మీ ఆయన్ని చూపించమన్నది. వీర్య పరీక్షల కణాలు సున్నా. క్రోమోజోముల పరీక్షల 47 వచ్చినై, ఎక్స్ఎక్స్‌వై. నేను ఆరడుగుల మనిషిని, గడ్డం జర పల్చగ, అంతే. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు బస్‌ల నా భార్య నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట కూడా అనలేదు. ఆరేళ్లు ఆమె పడ్డదానికి నేనెట్ల బదులియ్యాలె.

ఇంట్ల అందరినీ కూర్చోబెట్టి రిపోర్టు చదివిన. సిగ్గుపడలేదు.

డాక్టర్_వెన్నెల
మల్లన్నా, మీరు ఇక్కడ రాసినందుకు చేతులెత్తి మొక్కాలి. చదివేవాళ్లకి చెబుతున్నాను: ఎక్స్ఎక్స్‌వై 500 నుంచి 1000 మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియదు. కణాలు సున్నా అన్నంత మాత్రాన దారి మూసుకుపోలేదు. మైక్రోస్కోపు కింద బీజకోశంలో వెతికితే సుమారు సగం మందికి కొన్ని కణాలు దొరుకుతున్నాయి, వాటితో ఐవీఎఫ్ చేస్తారు. టెస్టోస్టెరాన్ తగ్గితే మందు ఇవ్వాలి, లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. కానీ పిల్లలు కావాలనుకుంటే ఆ మందు మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

1959 దాకా ఎక్స్‌లు ఎన్ని అన్నదే లెక్క అనుకునేవారు, పండ్ల ఈగల్లో అలాగే ఉంటుంది కాబట్టి. ఆ ఏడాది ఎక్స్ఎక్స్‌వై ఉన్న మగవాడు, ఒకే ఎక్స్ ఉన్న ఆడపిల్ల కనబడ్డాకే మనిషిలో నిర్ణయించేది వై అని తేలింది. అరుదైన వాళ్లని పక్కన పెట్టి ఉంటే ఈ పాఠమే లేదు రాజు గారూ.

కందిచేను_రాజు
మల్లన్నా, నీ మీద గౌరవం పెరిగింది. వదినమ్మకి నమస్కారం చెప్పు.

డాక్టరమ్మా, అయినా ఒకటి అడుగుతా. ఎక్స్‌వై ఉన్న ఆడపిల్ల అన్నారు. ఆమెని ఆడ అనాలా, మగ అనాలా?

పేరు_వద్దు
నేను చెబుతాను. ఆ పిల్లని నేనే.

పదిహేడేళ్లకి కూడా రజస్వల కాలేదు. పొడుగ్గా ఉన్నాను, రొమ్ములు మామూలుగానే పెరిగాయి, అందుకని అమ్మ "నిదానంగా అవుతుందిలే" అంది. చిన్నప్పుడు రెండు వైపులా గజ్జల్లో హెర్నియా అని ఆపరేషన్ చేశారు, అప్పుడు ఎవరికీ తట్టలేదు. స్కానింగ్‌లో గర్భసంచి లేదు. రక్త పరీక్షలో 46, ఎక్స్‌వై. ఎస్‌ఆర్‌వై పనిచేసింది, లోపల బీజకోశాలు తయారయ్యాయి, టెస్టోస్టెరాన్ బోలెడంత వచ్చింది. కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ నా ఒంట్లో పనిచేయదు. ఆ రిసెప్టర్ జన్యువు ఉండేది ఎక్స్ మీదే. అందుకున్నవాళ్లు లేక ఆ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మారి నన్ను ఇలా పెంచింది.

నన్ను బయట కూర్చోబెట్టి డాక్టర్ మా నాన్నతో మాత్రమే మాట్లాడాడు. నాకు నిజం తెలిసింది ఐదేళ్ల తర్వాత, బీరువాలో ఫైలు దొరికాక. పరీక్ష కంటే ఆ దాపరికమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే దయచేసి వయసుకి తగ్గట్టు చెప్పండి.

రాజు గారూ, మీరు మర్యాదగానే అడిగారు, మర్యాదగానే చెబుతున్నాను. నేను ఆడదాన్ని. ఓణీ వేశారు, ఆడపిల్లగా పెరిగాను, ఇప్పుడు పెళ్లయింది, ఆయనకి అంతా ముందే చెప్పాను. ఒక పాపని దత్తత తీసుకున్నాం.

గోదారిగట్టు
అక్కా, చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. మీ పాపకి నా ముద్దులు.

చుక్కలచీర
స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్-పటీనోది ఇదే పరిస్థితి. 1985లో జపాన్‌లోని కోబేలో విశ్వవిద్యాలయాల క్రీడలకి వెళ్తే బుగ్గ లోపల గీకి క్రోమోజోములు చూశారు. ఎక్స్‌వై అని తెలిసి, గాయమైనట్టు నటించి తప్పుకోమన్నారు. తర్వాత విషయం పేపర్లకి ఎక్కింది, స్కాలర్‌షిప్ పోయింది, పతకాలు పోయాయి. టెస్టోస్టెరాన్ ఒంటికి పట్టనే పట్టని మనిషికి దానివల్ల లాభం ఎలా వస్తుందని ఆమె పోరాడింది. 1988లో మళ్లీ ఆడనిచ్చారు.

కందిచేను_రాజు
పేరు వద్దన్న అమ్మా, నాకు జవాబు దొరికింది. సంతోషంగా ఉండండి.

బయాలజీ_మాస్టారు
పాప పుట్టగానే ఆడో మగో చెప్పలేని సందర్భాలు కూడా ఉంటాయి. మా దూరపు బంధువుల ఇంట్లో అలా అయితే మంత్రసానితో సహా అందరూ గుట్టుగా ఉంచారు. మూడో వారంలో వాంతులతో బిడ్డ పోయింది. దాని గురించి రాయండి డాక్టర్ గారూ.

డాక్టర్_వెన్నెల
మీరు చెప్పింది వింటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి జబ్బే అనిపిస్తోంది, చూడకుండా కచ్చితంగా అనలేను. బిడ్డ ఎక్స్ఎక్స్. అండకోశాలు, గర్భసంచి అన్నీ ఉంటాయి. కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేయాల్సిన ఎంజైమ్ లేక, ఆ ముడిసరుకంతా మగ హార్మోన్ల వైపు మళ్లి బయటి అవయవాలు మగబిడ్డవిలా కనబడతాయి. వీళ్లలో చాలామందికి ఒంట్లో ఉప్పు నిలవదు. రెండు, మూడు వారాల వయసులో వాంతులు, నీరసం, బరువు తగ్గడం, ప్రాణం పోవడం. వెంటనే హైడ్రోకార్టిసోన్, ఉప్పు నిలిపే మందు ఇస్తే బతుకుతారు, బాగా చదువుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే వస్తుంది కాబట్టి మేనరికాల్లో ఎక్కువ చూస్తాం. గుట్టుగా ఉంచడం ప్రాణాలు తీస్తుంది. తేడా కనబడిన రోజే పిల్లల ఆస్పత్రికి పరుగెత్తండి.

ఆపరేషన్‌కి మాత్రం తొందరపడొద్దు. ప్రాణావసరం లేకుండా పసిబిడ్డలకి అలాంటి సర్జరీలు చేయకూడదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది, తమిళనాడు ప్రభుత్వం నిషేధించింది.

స్లైడు_కింద_చూపు
హైదరాబాద్‌లో క్రోమోజోముల ల్యాబులో పని చేస్తాను. రిపోర్టులో "46, ఎక్స్‌వై" అని వచ్చేముందు ఏం జరుగుతుందో చెప్తా. ఆకుపచ్చ మూత గొట్టంలో రక్తం వస్తుంది. అందులోని తెల్లకణాలకి పోషణ పెట్టి 37 డిగ్రీల దగ్గర 72 గంటలు పెంచుతాం. విభజన మధ్యలో ఉండగా ఒక మందు వేసి ఆపేస్తాం, క్రోమోజోములు బాగా కనబడేది అప్పుడే. పల్చటి ఉప్పు ద్రావణంలో కణాలు ఉబ్బుతాయి, స్లైడు మీద చుక్క పడగానే క్రోమోజోములు పరుచుకుంటాయి. ఈ ఉబ్బించే కిటుకు 1950లలో వచ్చింది. అంతకుముందు ముద్దగా కనబడేవి, 1956 దాకా మనిషికి 48 అనే అనుకున్నారు. రంగు వేశాక చారలు కనబడతాయి. కనీసం 20 కణాలు లెక్కపెడతాం. ఎందుకంటే కొందరిలో కొన్ని కణాలు ఒకలా, కొన్ని ఇంకోలా ఉంటాయి. వై చాలా చిన్నది, కింది సగం ముదురు రంగు. ఎక్స్ దానికి రెండింతలు పైనే.

నెల్లూరుచేప
ఇంత చిన్నదాని కోసమా అత్తగార్ల గోల!

పాలమూరు_పిల్ల
ఇక్కడే అడుగుతున్నాను. మా అన్న కూతురికి పదమూడేళ్లు. క్లాసులో అందరికంటే పొట్టి. చదువు బాగానే ఉంది, లెక్కలే కష్టం. పెద్దమనిషయ్యే సూచనలు ఏవీ లేవు. "మా వంశమే పొట్టి" అంటున్నారు వదిన వాళ్లు. టెన్షన్‌గా ఉంది.

డాక్టర్_వెన్నెల
చూడకుండా పేరు పెట్టలేను కానీ ఆగొద్దు. ఇలాంటి ఆడపిల్లలకి క్రోమోజోముల పరీక్ష తప్పకుండా చేయిస్తాం. సుమారు 2000 నుంచి 2500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఒకే ఎక్స్ ఉంటుంది, టర్నర్ సిండ్రోమ్ అంటారు. మామూలు ఆడవాళ్లలోనూ ఒక ఎక్స్ చాలావరకు నిద్రపోయే ఉంటుంది, బ్రిటన్ శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లోనే చెప్పింది. కానీ అందులో కొన్ని జన్యువులు మేలుకునే ఉంటాయి, ఎత్తుకి కావాల్సినది వాటిలో ఒకటి. అందుకే రెండోది లేకపోతే లోటు తెలుస్తుంది. ఎముకల కొసలు అతుక్కుని ఎదుగుదల ఆగేలోపే గ్రోత్ హార్మోన్ ఇస్తే కొన్ని అంగుళాలు వస్తాయి. తర్వాత తగిన వయసులో ఈస్ట్రోజన్ మొదలుపెడతారు. గుండె ఎకో, కిడ్నీ స్కాన్, థైరాయిడ్ కూడా చూడాలి. ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లండి.

పాలమూరు_పిల్ల
పరీక్షకి పరగడుపున వెళ్లాలా? ఎన్నాళ్లకి వస్తుంది?

స్లైడు_కింద_చూపు
పరగడుపు అక్కర్లేదు, అన్నం తినే రమ్మనండి, కళ్లు తిరగకుండా ఉంటుంది. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. ఈ మధ్య జ్వరానికి యాంటీబయాటిక్స్ వాడి ఉంటే, రక్తం ఎక్కించి ఉంటే ముందే చెప్పాలి, పరీక్ష మీద ప్రభావం పడొచ్చు. ఊళ్లో రక్తం తీసి పంపేటట్టయితే ఫ్రీజర్‌లో పెట్టనివ్వొద్దు, గడ్డకడితే పనికిరాదు. పెంచడానికే మూడు రోజులు, తర్వాత చూడడం, రాయడం ఉంటాయి కాబట్టి రిపోర్టుకి వారం పైనే పడుతుంది. పాపని కూర్చోబెట్టి, సూది ఎందుకో ఒక మాట చెప్పి తీసుకురండి.